మీసానికి మూడు కత్తెర్లు

మొన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫ్యాను కింద చాప వేసుకుని కళ్లు మూస్తూ తెరుస్తూ ఉన్నాను. మా అక్క మనవరాలు ఫోను పట్టుకుని వచ్చి పక్కన కూలబడింది. బ్యాంకు పరీక్షకు చదువుతోంది. "అమ్మమ్మా, టిపిఫై, ఎగ్జెంప్లిఫై, ఎపిటమైజ్, ఎంబాడీ. అన్నిటికీ ఒకటే అర్థమా? ఒకటే అయితే ఇన్ని ఎందుకు పెట్టినారు?" అంది. నేను గవర్నమెంటు బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరయినదాన్ని. ఇలాంటి ప్రశ్న నిద్రలో లేపి అడిగినా జవాబు చెప్పాలి. చెబుదామని నోరు తెరిచాను కూడా. కానీ మాటకు బదులు కళ్ల ముందు ఒక మీసం వచ్చి నిలబడింది. ఒత్తుగా, నల్లగా, కొసలు రెండూ చెవుల వైపు లేచి, కొబ్బరినూనెతో నిగనిగలాడుతూ. కాసేపటికి దాని వెనక మా చిన్నాయన మొహం నెమ్మదిగా తేలింది. ఏ మాటకు ఎవరు గుర్తుకు రావాలో మన చేతుల్లో ఉంటుందా?

చిన్నాయన మా నాన్నకు ఆఖరి తమ్ముడు. మిల్లులో పని చేసినన్నాళ్లూ ఆయనకు మీసం అంటూ చెప్పుకోదగ్గదేమీ లేదు. మా వీధిలో అందరికీ ఉన్నట్టే ముక్కు కింద ఒక గీత ఉండేది, అంతే. మిల్లు పని అయిపోయి ఇంట్లో కూర్చున్నాక మాత్రం మనిషి చిక్కిపోయాడు. తిండి తక్కువై కాదు, ఆయన్ని చూసేవాళ్లు తక్కువై. షిఫ్టుకు పోయేవాళ్ల పలకరింపులు, గేటు దగ్గర టీ, ఎగతాళి, అన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. "ఏందో పాపా, నేను యాడన్నా పోయినానేమో, నాకే తెలియకుండా," అని ఒకసారి నాతో అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

ఆ రోజుల్లోనే మా పాండిచ్చేరిలో కాలవకు అవతల, వైట్ టౌన్‌లో ఒక పాత ఫ్రెంచి ఇల్లు కొని, పసుపు రంగు వేయించి, గెస్ట్‌హౌస్ పెట్టిన ఉత్తరాది మేడమ్ ఒకావిడ తలుపు దగ్గర నిలబడడానికి మనిషి కావాలంది. ఎవరో చెబితే చిన్నాయన పోయాడు. ఆవిడ ఈయన్ని నాలుగు వైపులా తిరిగి చూసి, మీసం పెంచమంది. తెల్ల పంచె, ఎర్ర నడికట్టు, ఎర్ర తలపాగా కుట్టించి ఇచ్చింది. మా వీధిలో పెళ్లికొడుకు తప్ప తలపాగా చుట్టినవాణ్ణి నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. అయినా మీసం పెరిగింది. సగం నలుపు దేవుడిచ్చింది, సగం డబ్బాలోది. మొదటి రోజు ఆయన ఆ వేషంతో సైకిలెక్కి కాలవ దాటి పోతుంటే మా వీధి పిల్లలు కూడా వెంట పరిగెత్తారు. చిన్నమ్మ వాకిట్లో నిలబడి, "ఐయో, ఇంటి మొగోడు నాటకంలో చేరినాడే!" అని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ గెస్ట్‌హౌస్ ముందు మధ్యాహ్నాలు ఎలా ఉండేవో ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. కాగితప్పూల తీగ పసుపు గోడ మీంచి వాలి ఉండేది. సముద్రం కనపడదు, శబ్దం మాత్రం ఊపిరిలా వచ్చి పోతుండేది. గాలికి పూలు రాలి చిన్నాయన చెప్పుల చుట్టూ పడేవి. ఆయన కదలకుండా నిలబడేవాడు. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ ఆగి, ఆయన పక్కన నిలబడి ఫోటోలు తీసుకునేవాళ్లు. బడి నుంచి ఆ దారిన వచ్చేటప్పుడు నేనూ ఎదురు పేవ్‌మెంటు మీద ఆగి చూసేదాన్ని. ఆయన నన్ను చూసి కూడా చూడనట్టు ఉండేవాడు, మీసం ఎడమ కొస మాత్రం కొద్దిగా కదిలేది.

సాయంత్రాలు మా ఇంటికొచ్చి, ఆ రోజు ఆయన్ని చూసి ఎవరైనా అన్న ఇంగ్లీషు మాటను కాఫీ గ్లాసు పక్కన పెట్టేవాడు. దారిలో మరిచిపోతానేమోనని సైకిల్ తొక్కినంతసేపూ జపం చేసుకుంటూ వచ్చేవాడు. "ఒక తెల్లాయన నన్ను జూసి టిపిఫై అన్నాడు పాపా. తిట్టా, పొగడ్తా?" అని అడిగాడు మొదటిసారి. "తిట్టు కాదు చిన్నాయనా. నిన్ను చూస్తే ఊళ్లో మనుషులందర్నీ చూసినట్టే అని," అన్నాను. వంటింటి గడప మీద కూర్చుని మా అమ్మతో చిక్కుడుకాయలు గిల్లుతున్న చిన్నమ్మ తలెత్తకుండానే అంది: "ఓస్, అంతేనా. అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే ఒక మెతుకు పట్టి జూస్తాం గదా, ఆ మెతుకన్నమాట. కాకపోతే ఈయన ఈ కుండలో మెతుకు గాదు." మా అమ్మకు నవ్వి నవ్వి పొలమారింది. బడిలో ఎన్నేళ్లు చెప్పినా ఆ మాటను నేను అంత బాగా చెప్పలేకపోయాను. మర్నాటి నుంచి క్లాసులో మెతుకు అనే చెప్పాను.

తర్వాత ఒక్కొక్క మాటే వచ్చింది. ఎగ్జెంప్లిఫై వచ్చింది, ఎపిటమైజ్ వచ్చింది. "ఎపిటమైజ్ అంటే అందర్లోకి మేలైన మెతుకు," అని నేను చెప్పాను. ఆ రోజు చిన్నాయన ఇంకో కాఫీ అడిగి తాగాడు. మనిషికి కండ పట్టింది. నడకే మారిపోయింది. ఒకటి చెప్పాలి ఇక్కడ. మా వీధుల్లో తెలుగు నోటికే గానీ చేతికి లేదు. చిన్నాయనకు తెలుగు అక్షరం రాదు, తమిళం కూడబలుక్కుని చదువుతాడు. నేను అక్షరాలు దిద్దింది పెళ్లయ్యాక, నెల్లూరు నుంచి వచ్చిన మా ఆయన దగ్గర. ఇది రాయడం అయ్యాక నేనే చదివి చిన్నాయనకు వినిపించాలి. మీసం పేరెత్తిన ప్రతిచోటా అడ్డం తగిలి, ఇంకో రెండంగుళాలు కలపమంటాడు.

ఆ వానాకాలంలో చిన్నమ్మకు జ్వరం తగిలింది. మామూలు జ్వరమే అనుకున్నాం. అది తగ్గలేదు సరికదా, ఒక రోజు ఆమె మమ్మల్నెవర్నీ గుర్తుపట్టలేదు. కదిర్కామం పెద్దాసుపత్రిలో చేర్చాం. చిన్నాయన పని దగ్గర్నుంచి అలాగే వచ్చేశాడు, ఎర్ర నడికట్టుతో, తలపాగా చంకలో పెట్టుకుని. వరండాలో జనం వింతగా చూశారు. ఆయన ఎవర్నీ చూసే స్థితిలో లేడు. గోడకు ఎవరో తగిలించిన క్యాలెండర్‌లో ఏడుకొండలవాడు ఉన్నాడు. దాని ముందు నిలబడి, పక్కన నేనున్నానన్న ధ్యాస కూడా లేకుండా, పైకే అన్నాడు. "సామీ, దీన్ని లేపి కూర్చోబెట్టు. నీ కొండకొచ్చి తల ఇస్తా. మీసం గూడా ఇస్తా." మీసం గూడా అన్నప్పుడు గొంతు కొంచెం ఆగింది. దేవుడికి కూడా వినపడే ఉంటుంది.

డాక్టర్లు చల్లని చేతులవాళ్లు. చిన్నమ్మ లేచి కూర్చుంది, గంజి తాగింది, పక్క మంచం ఆవిడతో కోడళ్ల గురించి మాట్లాడింది. ఇంటికొచ్చేసింది. మొక్కు మాత్రం తీరలేదు. "సీజన్లో సెలవు దొరకదు పాపా, ఇది అయిపోనీ," అన్నాడు చిన్నాయన. సీజన్ అయిపోయింది. ఈలోపల మేడమ్ ఫోటోగ్రాఫర్ని పిలిపించి ఆయన ఫోటో తీయించి, వీధి మలుపులో గోడ మీద పెద్ద బోర్డు పెట్టించింది. మనిషి ఎత్తున మొహం, దానికి రెక్కల్లా మీసం. కింద ఇంగ్లీషులో ఒక వాక్యం, ఈ ఊరి ఆత్మకు ఇదే రూపం అని. అందులో ఎంబాడీ అనే మాట ఉంది. నేను చదివి చెప్పగానే చిన్నాయన ఆ బోర్డుకు చెప్పులు విడిచి దణ్ణం పెట్టినంత పని చేశాడు. గుండు సంగతి మేడమ్‌ను అడిగితే, తలపాగా ఉంది కాబట్టి గుండు పరవాలేదు, మీసం పోతే మాత్రం అది మళ్లీ పెరిగేదాకా రావద్దు, ఆ లోపల ఇంకొకర్ని చూసుకుంటాను అందట. ఆవిడను ఏమీ అనడానికి లేదు. ఆవిడ పెట్టుకున్నది మీసాన్నే.

చిన్నమ్మ పల్లెత్తు మాట అనలేదు. అదే ఆమెతో వచ్చిన చిక్కు. తుమ్మితే గోడ మీద సామి పటం వైపు చూసేది. కాస్త ఒళ్లు వెచ్చబడితే ఎవరికీ చెప్పకుండా మూల కూర్చునేది. ఒక మధ్యాహ్నం నేను పోయేసరికి చేటలో బియ్యం ఏరుతోంది. ఏరుతూ ఏరుతూ ఆగి, "నాకు చావంటే బయం లేదు పాపా," అంది. "ఆయన మొక్కు తీర్చకముందే నేను పోయినాననుకో. ఆయన బతికినన్నాళ్లూ అద్దంలో ఆ మీసాన్ని జూసి కుమిలిపోతాడు. దానికి బయం." చేట అందుకుని నేనూ బియ్యం ఏరడం మొదలుపెట్టాను.

ఆ సాయంత్రం చిన్నాయన్ని నిలదీశాను. ఆయన తల వంచుకుని అంతా విన్నాడు. చివరికి గొంతు తగ్గించి అడిగాడు. "కొండ మీద ఆడోళ్లు మూడు కత్తెర్లు ఇస్తారు గదా. గుండు గీయించుకోకుండా కొసల్లో మూడుసార్లు కత్తిరించి ఇస్తే సామి ఒప్పుకుంటాడు గదా. తల మొత్తం ఇస్తా. మీసానికి మాత్రం మూడు కత్తెర్లు ఇస్తే చాలదా? నువ్వు చదువుకున్నదానివి, చెప్పు." మీసానికి మూడు కత్తెర్లు! కోపం ఎటు పోయిందో, నవ్వు తన్నుకొచ్చింది. ఆయన నవ్వలేదు. ఆ కళ్లలో భయం చూశాక నా నవ్వూ ఆగిపోయింది. మీసం పోతే మళ్లీ ఎవరికీ కనపడని మనిషినవుతానని ఆయన భయం. "అది నీకూ సామికీ మధ్య సంగతి. అక్కడికే పోయి అడుగుదాం పద," అన్నాను.

ముగ్గురం తిరుపతి బస్సెక్కాం. దారంతా చిన్నాయన కిటికీ దగ్గర కూర్చుని గాలికి మీసం చెదరకుండా చేయి అడ్డం పెట్టుకున్నాడు. చిన్నమ్మ నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకుంది గానీ నిద్రపోలేదు. కొండ మీద పొద్దున్నే మంచు ఇంకా విడవలేదు. కల్యాణకట్టలో నేలంతా తడి. ఎక్కడ చూసినా తడి జుట్టు వాసన, చందనం వాసన, గోవింద నామాలు, ఏడ్చే పసిపిల్లలు. చిన్నమ్మ, "నాది మూడు కత్తెర్లే, ఇట్లా పోయి అట్లా వస్తా," అని ఆడవాళ్ల వైపు పోయింది. నేను మగవాళ్ల వరస బయట నిలబడ్డాను. చిన్నాయన మాటలు అక్కడికి వినపడుతూనే ఉన్నాయి.

"తల నున్నగా గీసెయ్ నాయనా. మీసానికి మాత్రం మూడు కత్తెర్లు."

మంగలాయన చేతిలో బ్లేడు ఆగింది. "ఇన్నేండ్లుగా ఈడ కూర్చోని ఉండా పెద్దాయనా, ఈ మాట ఎప్పుడూ ఇనలా," అన్నాడు. వరసలో ఉన్నవాళ్లంతా గొల్లున నవ్వారు. పాపం ఆ మంగలాయన మంచివాడు. తల గీశాడు, ఎక్కడో వెతికి కత్తెర తెచ్చి మీసం కొసల్లో గోవిందా అంటూ మూడుసార్లు కత్తిరించాడు. చిన్నాయన బయటికొచ్చాడు. గుండు కింద ఆ మీసం మునుపటికంటే రెండింతలు పెద్దదిగా కనపడింది. దేవుడికి ఇచ్చి వచ్చినవాడిలా లేడు, దేవుడి దగ్గర తీసుకుని వచ్చినవాడిలా ఉన్నాడు.

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో నెమ్మదిగా నడిచి వచ్చారు. ముందు నేను గుర్తుపట్టలేదు. చిన్నాయన కూడా ఆమెను దాటి వెనక్కి చూస్తున్నాడు, చిన్నమ్మ కోసం. ఆమె దగ్గరకొచ్చి ఆగాక గానీ మాకు తెలియలేదు. నున్నటి తల, చందనం పూత, పెద్దవైన చెవులు. మోకాళ్లు తాకేంత జుట్టు కాకపోయినా కొప్పు వేస్తే నిండుగా పిడికిలికి మించి ఉండేది ఆమెకు. ఆ కొప్పులో కనకాంబరాలు లేని రోజు నాకు గుర్తులేదు.

"యోవ్, అట్లా చూడబాక," అంది చిన్నమ్మ. "నీకు మీసమంటే ప్రాణం. మొక్కుకున్నదేమో నా కోసం. నీ దాంట్లో తక్కువ పడితే సామి నాది కలుపుకుంటాడులే. నా జుట్టుకేం, మళ్లా వస్తాది."

చిన్నాయన కళ్లలో నీళ్లు తిరిగి, బుగ్గల మీదుగా జారి మీసంలోకి దిగాయి. చేయి ఎత్తి ఆమె తల తాకబోయి, జనం ఉన్నారని ఆగి, చందనం అంటిన చెవి పక్కన వేలితో ముట్టుకున్నాడు. తర్వాత వెనక్కి తిరిగి మళ్లీ వరసలో నిలబడ్డాడు. "మళ్లా వచ్చినావే పెద్దాయనా?" అన్నాడు మంగలాయన. "మొక్కింది మొత్తం నాయనా. మొత్తం తీసెయ్," అన్నాడు చిన్నాయన. ఈసారి ఎవరూ నవ్వలేదు.

బయటికొచ్చిన మొహం నాకు కొత్త. ముక్కు కింద చర్మం పసిపిల్లవాడిది లాగా తెల్లగా ఉంది. చిన్నమ్మ మాత్రం తేరిపార చూసి, సిగ్గుపడి, కొంగు అడ్డం పెట్టుకుంది. "మా ఇంటికి పెండ్లిచూపులకు వచ్చినప్పుడు ఇదే మొహం పాపా. అప్పుడు నేను తలుపు సందులోంచి జూసినా. ఇన్నాళ్లూ యాడ పెట్టినాడో," అంది. మంచు విడిచి ఎండ వస్తోంది. ఆ ఇద్దరు గుండ్లవాళ్లూ ఒకరి వెనక ఒకరు ప్రసాదం వరస వైపు పోతుంటే, పెళ్లయి కొండకొచ్చిన కొత్త జంటను చూసినట్టనిపించింది నాకు.

మేడమ్ చెప్పినట్టే చేసింది. తలపాగా ఇంకొకరి తలకెక్కింది. చిన్నాయన బజారులో మనవాళ్లదే ఒక పప్పుల దుకాణంలో బస్తాల మధ్య కూర్చునే పని చూసుకున్నాడు. అక్కడ ఫోటోలు తీసేవాళ్లు లేరు గానీ, వచ్చేవాళ్లంతా ఆయన్ని "ఏం మామా, ఏం అన్నా" అని పిలిచేవాళ్లు. మనిషి చిక్కిపోతాడని భయపడ్డాను. చిక్కలేదు. మీసం మళ్లీ పెంచు, మేడమ్ తీసుకుంటుంది అని నేనే ఒకసారి అన్నాను. "దాని కొప్పు ముడిపడేదాకా పెంచను. అది బోడితలతో ఉంటే నాకు మీసమేంది?" అన్నాడు.

ఒక సాయంత్రం ముగ్గురం సముద్రం ఒడ్డుకు పోతూ ఆ బోర్డు ముందు నుంచి నడిచాం. ఒక పడుచు జంట అక్కడ నిలబడి, ఇంగ్లీషులో అంకుల్, ప్లీజ్ అంటూ చిన్నాయన చేతికి ఫోనిచ్చారు, బోర్డుతో తమకు ఫోటో తీయమని. "మీసం పక్కన నిలబడు, టిపికల్ పాండిచ్చేరి," అన్నాడు ఆ అబ్బాయి భార్యతో, తెలుగులో. చిన్నాయన ఫోను ఎత్తి పట్టుకున్నాడు. చిన్నమ్మ ఊరుకోలేదు. "అమ్మా, కొంచం ఇట్లా జరుగు. ఆయన మొహం మరుగైపోతా ఉండాది," అంది. "అరె, మీరు తెలుగువాళ్లా?" అన్నాడు అబ్బాయి. "తెలుగోళ్లమే నాయనా. ఆ మీసం గూడా తెలుగుదే," అన్నాడు చిన్నాయన. వాళ్లు హాస్యమనుకుని నవ్వి, థ్యాంక్స్ చెప్పి వెళ్లిపోయారు. నేను చిన్నాయన వైపు చూశాను. బాధేమైనా ఉందేమోనని చూశాను. ఆయన చిన్నమ్మ కొంగు మీద వాలిన కాగితప్పువ్వు తీసి పారేస్తున్నాడు.

"ఏం అమ్మమ్మా, నిద్రపోయినావా?" అని మనవరాలు భుజం తట్టింది. లేదే అని లేచి కూర్చుని, మెతుకు సంగతి చెప్పాను, మేలైన మెతుకు సంగతి చెప్పాను. మిగిలిన ఎంబాడీకి వాక్యం కావాలంది. సాయంత్రం చూపిస్తా, చెప్పులేసుకో అన్నాను.

వైట్ టౌన్ మలుపులో ఆ బోర్డు ఇంకా ఉంది. గెస్ట్‌హౌస్ చేతులు మారింది, గోడకు రంగులు మారాయి, దాన్ని పీకే ఓపిక ఎవరికీ లేదు. ఎండకూ ఉప్పుగాలికీ అక్షరాలు పోయాయి, తలపాగా ఎరుపు పోయింది, కళ్లూ బుగ్గలూ వెలిసి తెల్లకాగితం అయ్యాయి. నల్లసిరా ఒక్కటే నిలిచింది. మొహం లేని గోడ మీద మీసం ఒక్కటే రెక్కలు చాచి ఉంది. మనవరాలు ఫోటో తీసుకుంది. అక్కడి నుంచి కాలవ దాటి చిన్నాయన ఇంటికి పోయాం. వాకిట్లో చిన్నమ్మ నెరిసిన జుట్టు కొప్పు వేసుకుని కనకాంబరాలు తురుముకుంటోంది. ఆ కొప్పు ముడిపడి ఎన్నాళ్లయిందో. ముడిపడిన కొత్తలో, ఇంక మీసం పెంచుకో అని ఆమే చెప్పింది. ఆయన కొద్ది రోజులు పెంచి, అద్దంలో చూసుకుని, "వొద్దులే, గుచ్చుకుంటా ఉండాది," అని గీసేసుకున్నాడు. ఇప్పుడు నున్నటి మొహంతో తలుపు తీసి, "రా పాపా, కాఫీ తాగుదువు," అన్నాడు. గోడ మీద కాలం ఆయన మొహాన్ని తీసుకుని మీసాన్ని ఉంచింది, ఇంట్లో మీసాన్ని తీసుకుని మొహాన్ని ఉంచింది.